అమ్మ పొయ్యి పగలగొట్టాక

మా బాపు కంచం విసిరేవాడు. చుట్టాలు దాన్ని కోపం అనేవాళ్ళు, అదీ కాస్త గొప్పగా, "మావోనికి కోపం జర ఎక్కువ" అని, ఏదో ఆస్తి గురించి చెప్పుకున్నట్టు. ఉప్పు తక్కువైతే విసిరేవాడు, ఎక్కువైతే విసిరేవాడు, ట్రాక్టరు టైరు పంక్చరైన రోజు అన్నీ సరిగ్గా కుదిరినా విసిరేవాడు. ప్లాట్లు చదును చేసే పని ఆయనది. పొద్దంతా ఎండలో, దుమ్ములో తిరిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని కంచం ముందు కూర్చునేవాడు. ఆయన మొదటి ముద్ద నమిలి మింగేదాకా ఇంట్లో ఎవరమూ గట్టిగా ఊపిరి పీల్చేవాళ్ళం కాదు. మా ముందు గది గోడకు నడుం ఎత్తులో పసుపు మరకలు ఉండేవి. ఎన్నిసార్లు సున్నం వేసినా మళ్ళీ పైకి తేలేవి.

విసిరాక ఆయన చెయ్యి కడుక్కుని, బండి తీసి, బెంగుళూరు రోడ్డు మీది ధాబాకు పోయి కడుపునిండా తిని వచ్చేవాడు. మేము గోడ తుడిచేవాళ్ళం. ఇది మా ఒక్క ఇంటి వింత అనుకునేరు, మా చుట్టుపక్కల చాలా ఇళ్ళల్లో మామూలే. కంచం విసరని మగవాణ్ణి మా మేనత్త మగవాడి కింద లెక్కే కట్టేది కాదు.

నేను పదో తరగతిలో ఉండగా ఒక మధ్యాహ్నం ఆయన విసిరింది కంచం కాదు, గిన్నె. పొయ్యి మీంచి అప్పుడే దించిన టమాట పప్పు. అమ్మ వడ్డించడానికి వంగి ఉంది.

"ఏందే ఇది? పప్పా, నీళ్ళా?" అన్నాడు బాపు.

 అమ్మ జవాబు చెప్పినా చెప్పకపోయినా ఒకటే. ఆమె చేతిలోని గిన్నె లాక్కుని ఆమె మీదికే కొట్టాడు. పప్పు చెవి కింది నుంచి మెడ మీదుగా జాకెట్టులోకి దిగింది. వేడినీళ్ళయితే జారి పోతాయి. పప్పు పోదు, అంటుకుని ఉండి కాలుస్తుంది. అమ్మ అరుపుకు వాకిట్లో కోళ్ళు చెదిరిపోయాయి. నేను పరిగెత్తి చేత్తో తుడవబోతే పప్పుతో పాటు చర్మం కూడా వచ్చింది. ఛీ, రాస్తుంటే ఇప్పటికీ వేళ్ళు ముడుచుకుపోతున్నాయి.

దవాఖాన నుంచి వచ్చిన రోజు అమ్మ మెడకు కట్టుతోనే నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. ముందు సిలిండరు పైపు ఊడదీసి పక్కన పెట్టింది. ఎంత కోపంలోనైనా మా అమ్మ తెలివి మా అమ్మదే. తర్వాత మూలనున్న రోకలి తీసుకుని పొయ్యి మీద కొట్టింది. అద్దం పలక మొదటి దెబ్బకే పగిలింది. ఆగలేదు. బర్నర్లు ఊడి గడప దాకా దొర్లాయి, రేకు వంకర్లు పోయింది, గాజు ముక్కలు ఎగిరి ఆమె పాదాల మీద గీసుకున్నాయి. బాపు ఉరికి వచ్చి "పిచ్చి లేసిందానే నీకు?" అని చెయ్యి పట్టుకోబోతే, రోకలి ఆయన వైపు తిప్పింది.

"ఇగ ఈ ఇంట్ల నేను పొయ్యి ముట్టియ్య. నువ్వు సచ్చినా ముట్టియ్య, నేను సచ్చినా ముట్టియ్య" అంది.

ఆమె కళ్ళల్లో నీళ్ళు లేవు. బాపు వెనక్కి జరగడం నేను చూడటం అదే మొదటిసారి. కొత్త పొయ్యి తెచ్చే ధైర్యం మా ఇంట్లో ఆ తర్వాత ఎవరికీ రాలేదు.

ఆనాటి నుంచి మేము బయటి తిండి మీద పడ్డాం. పొద్దున బండి మీది ఇడ్లీ, మధ్యాహ్నం మెస్సు పార్సిల్, మాపటికి ధాబా రొట్టెలో, సెంటర్‌లో అమ్మే ఎగ్ ఫ్రైడ్ రైసో. వంటింట్లో నీళ్ళ క్యాన్లు, ట్రాక్టరు పాత టైర్లు చేరాయి. ఊళ్ళోవాళ్ళు "మీకేందమ్మా, రోజు హోటలు బువ్వ" అని కుళ్ళుకునేవాళ్ళు. ప్లాస్టిక్ కవర్లో చెమట పట్టిన అన్నం ఏళ్ళ తరబడి తిని చూడండి, అప్పుడు తెలుస్తుంది ఆ భోగం. అమ్మ ఇంట్లో మిగతా పనంతా చేసేది, పొయ్యి ఒక్కటే లేదు. కన్నబిడ్డకైనా ఇంత వండి పెట్టాలని ఆమెకు అనిపించలేదా అని ఇప్పటికీ కొందరు నన్ను అడుగుతారు. నాకు ఒళ్ళు మండిపోతుంది. ఆమె మెడ మీది మచ్చకు మందు రాసింది నేను, వాళ్ళు కాదు.

చదువయ్యాక నాకు మా ఊరి పక్కనున్న ఎయిర్‌పోర్టు దగ్గర, విమానాల్లోకి భోజనం పంపే ఒక కంపెనీలో పని దొరికింది. ట్రేలు సర్దడం. అన్నం డబ్బా ఇక్కడ, కూర డబ్బా అక్కడ, పచ్చడి ప్యాకెట్టు, మిఠాయి ముక్క. రోజంతా నా చేతుల మీదుగా అంత అన్నం ఆకాశంలోకి పోయేది గానీ, బియ్యంలో నీళ్ళెన్ని పొయ్యాలో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. పొయ్యి అంటే నాకు గుర్తొచ్చేది కాలిన చర్మం వాసన.

పోయిన వానాకాలం బాపు ధాబాలో చికెన్ ఫ్రై తింటూ నెత్తురు కక్కుకున్నాడు. డ్యూటీ మధ్యలో ఫోనొస్తే నేను ఆటోలో పోయాను. బల్ల మీద, కంచంలో, ఆయన తెల్ల చొక్కా మీద అంతా నెత్తురే. పక్క బల్లలవాళ్ళు రొట్టెలు చేత్తో పట్టుకుని దూరంగా నిలబడ్డారు. ఆయన నన్ను చూసి "ఏం కాలే, మిర్చి పడ్డది" అన్నాడు, ఆ మాటతో పాటే ఇంకోసారి కక్కాడు. నా యూనిఫాం ముందుభాగమంతా తడిసిపోయింది.

కడుపులో పుండట. ఏళ్ళుగా మందు, మసాలా, నూనె పోసి పోసి పెంచుకున్నాడు. నెత్తురు ఎక్కించి పంపిస్తూ డాక్టరు నాతో ఒకటే మాట చెప్పాడు. "బయటి తిండి పూర్తిగా బంద్. ఇంట్లో మెత్తగా వండిన అన్నం, కారం లేని పప్పు, మజ్జిగ. మళ్ళీ ఇట్లా నెత్తురు పోతే నా చేతిలో ఏమీ ఉండదు."

అసలు యుద్ధం అక్కడ మొదలైంది. 'ఇంట్లో వండిన' అన్న ముక్కకు మా చుట్టాలందరికీ ఒకటే అర్థం, అమ్మ. ఆయన బతకాలంటే ఆమె మళ్ళీ ఆ పొయ్యి దగ్గరికి పోవాలి. ఆమె పోకపోతే మొగుణ్ణి చంపుకున్నదవుతుంది. నాకు బాపు చావుకన్నా ఆ నిందకే ఎక్కువ భయం వేసింది. అమ్మకంటూ ఈ లోకంలో మిగిలింది ఆ ఒక్క 'ముట్టియ్య'. దాన్ని కూడా లాక్కుంటారని నాకు అర్థమైపోయింది.

బాపు వాళ్ళ అక్క, మా మేనత్త, దగ్గర్లోని కందుకూరు నుంచి ఆటోలో కొత్త పొయ్యి డబ్బా, బియ్యం బస్తా పెట్టుకుని దిగింది. ఎవరినీ అడగలేదు. టైర్లు బయటికి దొర్లించింది, గ్యాసు బిగించే మనిషిని పిలిపించింది, అగ్గి వెలిగించి చూసుకుంది. అప్పుడు అమ్మ దగ్గరికి వచ్చింది.

"ఇగనన్న కోపం దించు పిల్లా. మొగడు సావుబతుకుల్ల ఉన్నడు. బుక్కెడు బువ్వ వండిపెడితె నీ సొమ్మేం పోతది?"

"నేను ముట్టియ్య వదినె" అంది అమ్మ, మెల్లగా.

"గప్పటి ముచ్చట ఇంక పట్టుకోని కూసున్నవా? ఎవలింట్ల లేదే? నా మొగడు నన్ను కొట్టలేదా? నేను వండిపెట్టలేదా?"

అంటూనే అమ్మ మణికట్టు పట్టుకుని వంటింటి వైపు లాగింది. అమ్మ ద్వారబంధాన్ని రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది. గాజులు పటపట పగిలాయి. కొంగు జారి మెడ మీది మచ్చంతా బయటపడింది, మేనత్త దాని వంక చూడనైనా చూడలేదు. గాజులు గుచ్చుకుని నెత్తురు అమ్మ మోచేతి దాకా కారింది. మంచం మీద పడుకున్న బాపు కళ్ళు తెరిచే ఉన్నాడు. నోరు మాత్రం తెరవలేదు. నేను మధ్యలో దూరి మేనత్తను ఒక్క తోపు తోశాను. ఆమె వెళ్ళి బియ్యం బస్తా మీద కూలబడింది.

"ముసల్దాన్ని కొడ్తవానే! ఓ తమ్మీ, సూడురా నీ బిడ్డను!"

"ఇంక కొట్టలేదు అత్తమ్మా. మా అమ్మ చెయ్యి మళ్ళ వట్టుకో, గప్పుడు కొడ్త."

పైన విమానం దిగుతోంది. మా ఊళ్ళో కొట్లాటలకు ఇదొక ఇబ్బంది, ఆ మోతలో తిట్టినా ఎదుటివాడికి వినపడదు, పోయేదాకా ఆగి మళ్ళీ అందుకోవాలి. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ ఆగాం.

"మీకు వంట గద కావాలె? నేను వండుత" అన్నాను మోత తగ్గగానే.

మేనత్త నెత్తి కొట్టుకుంది. "నువ్వా? నీకు నీళ్ళు కాగబెట్టుడన్న వస్తదానే?"

రాదు. అదే కదా బాధ. అమ్మ చేతికి పసుపు అద్దుతూ అడిగాను, నువ్వు చెయ్యొద్దు, నోటితో చెప్పు చాలు అని. అమ్మ తల అడ్డంగా ఊపింది.

"నన్ను అడగకు బిడ్డా. నేను చెప్పుడు మొదలు వెడితె, నా చెయ్యి దానంతల అదే పొయ్యి దిక్కు పోతది."

మా పై వాటాలో కిరాయికుండే ఆంటీ కోస్తావైపు మనిషి, భర్త ఎయిర్‌పోర్టులోనే ఏదో ఆఫీసులో ఉద్యోగం. ఆమె దగ్గరికి పోయాను. నా మొహం చూసి ముందు భయపడింది, తర్వాత కూర్చోబెట్టి చెప్పింది.

"బియ్యం రెండుసార్లు కడుగమ్మా. వేలి కొన బియ్యం మీద ఆనించి నిలబెడితే నీళ్ళు మొదటి గీత దాకా రావాలి. మీ నాన్నగారికి మెత్తగా కావాలి కాబట్టి ఇంకాస్త పొయ్యాలి. పప్పులో ఉప్పు ఉడికాక వెయ్యి. కుక్కర్ సగానికి మించి నింపకు." ఇంత చెప్పి, గొంతు తగ్గించి, "మీ ఇంట్లో గొడవలు మాకు వినిపిస్తూనే ఉంటాయమ్మా. మనకెందుకులే అంటారు మావారు" అంది.

వినిపిస్తూనే ఉంటాయట! ఒక్కసారి మెట్లు దిగి రావడానికి ఏం అడ్డమొచ్చిందో. నోటిదాకా వచ్చింది గానీ, ఉప్పు ఎప్పుడు వెయ్యాలో చెప్పింది ఆమే కాబట్టి మింగేశాను.

మొదటి రోజు కుక్కర్ నిండా పప్పు పోశాను. సగం అన్న మాట నా బుర్రలోంచి జారిపోయింది. విజిల్ రాలేదు, దాని బదులు పక్కనున్న చిన్న మూత ఢామ్మని ఎగిరి, పప్పు ఇంటి కప్పుకు కొట్టి నా నెత్తిన కురిసింది. అన్నం అడుగు మాడి పైన పలుకు. రెండో రోజు కాస్త తినేటట్టు వచ్చింది. అన్నం ముద్దయింది, పప్పు సగం బద్దలుగానే ఉంది, అయినా నా చేత్తో వండిన మొదటి తిండి. కంచంలో పెట్టి మంచం దగ్గరికి తీసుకెళ్ళాను.

బాపు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. నేను ఊపిరి బిగబట్టాను, చిన్నప్పటిలాగే.

"థూ! కుక్క సుత ముట్టదు దీన్ని!"

కంచం అంచు నా కనుబొమ్మకు తగిలింది. నెత్తురు కంట్లోకి దిగి ఒకవైపు అంతా ఎర్రగా కనిపించింది. నొప్పి తెలియలేదు. నాకు వచ్చింది ఆయన కోపమే, అచ్చంగా ఆయన రక్తమే అది. చొక్కా పట్టుకుని మంచం మీంచి లేపాను. ఎంత తేలికైపోయాడో! అయినా చెయ్యి వదల్లేదు. ఈడ్చుకుంటూ వంటింట్లోకి తోసి, బయటినుంచి గొళ్ళెం పెట్టాను.

"బియ్యం ఆడనే ఉన్నయి. వండుకోని తిను. లేకపోతే సావు."

నా నోటి నుంచి ఆ మాట వచ్చింది. వెనక్కి తీసుకోను.

తలుపు మీద తన్నాడు. లోపలున్న ప్రతి గిన్నె చప్పుడూ నాకు తెలిసింది, ఒక్కొక్కటే గోడకు తగిలి కింద పడుతుంటే. నన్ను తిట్టాడు, అమ్మను తిట్టాడు, అమ్మ పుట్టింటివాళ్ళను తిట్టాడు. విమానం వస్తే ఆగి, పోయాక అందుకున్నాడు. నేను తలుపుకు వీపు ఆనించి, కొంగుతో కన్ను నొక్కుకుని కూర్చున్నాను. అమ్మ అరుగు మీద ఆరిన బట్టలు మడత పెడుతోంది. తీయమంటావా అన్నట్టు చూశాను. ఆమె ఇంకో చీర తీసుకుని మడత పెట్టింది.

చాలాసేపటికి చప్పుళ్ళు ఆగిపోయాయి. పడిపోయాడేమోనని గొళ్ళెం మీద చెయ్యి వేశాను. లోపల బియ్యం కడుగుతున్న చప్పుడు వినిపించింది.

"నీళ్ళెన్ని పొయ్యాలె?" అన్నాడు తలుపవతలి నుంచి, గొంతు బొంగురుగా.

"వేలు వెట్టు. మొదటి గీత దాక."

"నీ వేలా, నా వేలా?"

"నీదే! నీ బువ్వ గద!"

ఆ తర్వాత అగ్గిపుల్ల గీసిన చప్పుడు. అప్పుడు గొళ్ళెం తీశాను. ఆయన నా వైపు చూడలేదు. అన్నం ఉడికేదాకా గిన్నె ముందు గొంతుక్కూర్చుని, మాడిందాన్ని పక్కకు గీకి, మిగిలిందాంట్లో మజ్జిగ పోసుకుని అక్కడే నేల మీద తిన్నాడు. చప్పగా ఉండి ఉంటుంది, నేను ఉప్పు ఎక్కడుందో చెప్పలేదు. కంచం కడిగి బోర్లించాడు.

ఆ రోజు నుంచి వంట ఆయనదే. నేను డ్యూటీకి పోయే ముందు ఆంటీ చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పేదాన్ని, ఆయన మొహం మాడ్చుకుని వినేవాడు. వేలు కోసుకున్నాడు, గిన్నెలు మాడ్చాడు, ఒకరోజు పసుపు అనుకుని ఇంకేదో వేశాడు. తిట్టడం మానలేదు, తిట్లు మాత్రం ఇప్పుడు పొయ్యికి పోయేవి. మనిషికి రంగు తిరిగింది. నెత్తురు మళ్ళీ పడలేదు.

పోపు పెట్టడం నేర్చుకునే రోజు నూనె పొగలొచ్చేదాకా కాచి, కడిగిన కరివేపాకు తడితోనే వేశాడు. నూనె చిటపటమని ఎగిరి మణికట్టు మీద పడింది. "అయ్యయ్యో, అవ్వా!" అని గంతేశాడు.

నాకు ఆగలేదు. "ఒక్క సుక్క పడితెనే గట్ల ఎగురుతున్నవ్. ఆమె మీద గిన్నెడు పోసినవ్."

బాపు కుళాయి కింద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. బొబ్బ లేచేదాకా అట్లాగే నిలబడ్డాడు. ఆ రోజు పప్పు పోపు లేకుండానే తిన్నాడు.

అమ్మ మాత్రం పార్సిలే తినేది. ఆయన వండిన దానివైపు చూసేది కాదు. కొన్నాళ్ళకు ఆయన నన్ను చాటుగా అడగడం మొదలుపెట్టాడు, "మీ అమ్మ తింటదా?" అని. నన్నెందుకు అడుగుతావ్ అనేదాన్ని.

సంగతి కందుకూరు దాకా పాకి మేనత్త మళ్ళీ దిగింది. ఈసారి అరుగు మీద అమ్మ పక్కనే చతికిలబడింది.

"ఊళ్ళె పరువు తీసిన్రు గదనే! మొగోనితోటి వంట జేపిస్తరా?"

"అక్కా, జర ఆగు, పప్పు మాడుతది" అని లోపలి నుంచి కేకేశాడు బాపు. నాకు నవ్వొచ్చింది. మేనత్తకు రాలేదు. అమ్మ వైపు తిరిగింది.

"సూసినవా? వాడు గింత మారిండు. ఇంకేం గావాలె నీకు? అన్ని కడుపుల వెట్టుకో. లేసి పొయ్యి అందుకో పిల్లా, వాని చేతిల గరిటె సూస్తుంటె నా పానం పోతున్నది."

మారాడు నిజమే. మారాడు కాబట్టి ఇక ఆమె వెళ్ళాలి! అటు తిప్పీ ఇటు తిప్పీ ఆమెను ఆ పొయ్యి దగ్గరికే తెచ్చి పెడుతున్నారు. నేను నోరు తెరిచేలోపు బాపు వంటింట్లోంచి బయటికి వచ్చాడు. చేతిలో కంచం. పొగలు కక్కే అన్నం, దాని మీద టమాట పప్పు. మొహం మీద చిన్న నవ్వు. నేరుగా అమ్మ ముందుకు వచ్చి, కంచం అందించడానికి వంగాడు.

అమ్మ మోచేయి ఒక్కసారిగా పైకి లేచి మొహానికి అడ్డం వచ్చింది. మెడ భుజాల్లోకి ముడుచుకుపోయింది. కళ్ళు గట్టిగా మూసుకుని గోడకు అతుక్కుపోయింది. 

బాపుకు ముందు అర్థం కాలేదు. ఎవరైనా వచ్చారేమోనని తన వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. మళ్ళీ ఆమెను చూశాడు, చేతిలోని కంచాన్ని చూశాడు. అప్పుడు అర్థమైంది. కంచం ఒరిగి పప్పు అంచు దాటి ఆయన వేళ్ళ మీదికి కారింది, వేడి వేడిది. ఆయన కదల్లేదు. మేనత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బాపు మెల్లగా గొంతుక్కూర్చున్నాడు. కంచం నేల మీద పెట్టి, చెయ్యి ఎంతవరకు చాస్తే అంతవరకు వేళ్ళ కొసలతో ఆమె వైపు జరిపాడు. లేచి, ఆమెకు వీపు చూపించకుండా వెనక్కి వెనక్కి నడిచి, గేటు తీసుకుని బయటికి వెళ్ళాడు. గేటు పడిన చప్పుడు విన్నాకే అమ్మ మోచేయి దించింది. చాలాసేపు కంచం వంక చూసింది. తర్వాత దగ్గరికి లాక్కుని తిన్నది. మేనత్త ఆటో మాట్లాడమని నన్ను మెల్లగా అడిగింది. పొయ్యి మాట ఆమె నోట మళ్ళీ రాలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఇదే పద్ధతి. బాపు వండుతాడు. అమ్మ కంచం అరుగు మీద పెడతాడు. గేటు బయట, రోడ్డు మీద నిలబడతాడు. ఆయన అక్కడ ఉన్నాడని చూసుకున్నాకే అమ్మ తింటుంది.